గుండ్రంగా పెట్టిన సంతకాలు

ఆర్డిస్ క్లూగ్ ముప్పై తొమ్మిదేళ్ళపాటు ఆల్డెన్‌బర్గ్ జనాన్ని కింది నుంచి చూసింది. పెళ్ళి గౌను అంచు మడవాలన్నా, ప్యాంటు పొడవు తగ్గించాలన్నా నోట్లో గుండుసూదులు పెట్టుకుని నేల మీద మోకాళ్ళూనక తప్పదు. అక్కణ్ణుంచి చూస్తే ఎంతటి పెద్దమనిషికైనా ముందు బూట్లు కనిపిస్తాయి, తర్వాత పొట్ట, ఆఖరున ఎక్కడో పైన గడ్డం. ఆమె కూడా ఆ వరసలోనే వాళ్ళకి మర్యాద ఇచ్చేది. చాలామందికి బూట్లు దాటేలోపే అది అయిపోయేది.

మెయిన్ స్ట్రీట్‌లో పదహారు అడుగుల వెడల్పున్న ఇటుక భవనం ఆమెది. కింద కుట్టు దుకాణం, పైన ఇల్లు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరులో తన కుట్టుకూలితో కొనుక్కుంది. ధాన్యం లారీ నడిపే మొగుడు లైల్ అప్పట్లో వద్దన్నాడు. అంటే వద్దని అనలేదు, "నీ ఇష్టం" అన్నాడు. ఆ ఊళ్ళో వద్దనడం అంటే అదే. లైల్ పోయి ఎనిమిదేళ్ళయింది, పిల్లలు లేరు. తెల్లారి లేచి మెట్లు దిగితే మిషను, సాయంత్రం మెట్లెక్కితే మంచం, పోయేదాకా ఇలాగే జరిగిపోవాలి. ఆర్డిస్ కోరుకున్నదల్లా ఇంతే.

ఆ ఊరి మనుషుల మొహమాటం గురించి ముందే చెప్పుకోవాలి, లేకపోతే జరిగింది నమ్మబుద్ధి కాదు. ఊరి పక్క నదికి రెండు వైపులా వంద మైళ్ళ మేర అందరూ అలాంటివాళ్ళేగాని, ఆల్డెన్‌బర్గ్ వాళ్ళది మరీ ముదిరిన మొహమాటం. ఒక వస్తువు చూడలేనంత అసహ్యంగా ఉంటే "కొత్తగా ఉందే" అంటారు. చర్చి కింద గదిలో భోజనాలు పెడితే కేకులో ఆఖరి ముక్క ఎవ్వరూ తీసుకోరు. ఒకరు దాన్ని సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం, మరొకరు అందులో సగం. చివరికి గోరంత తునక పళ్ళెంలో ఎండిపోతుంది గాని దాన్ని నోట్లో వేసుకునే మొనగాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. వీళ్ళని తలుచుకుంటేనే ఆర్డిస్‌కి ఒళ్ళు మండేది. తను మాత్రం వేరే మట్టితో తయారైనట్టు మాట్లాడేది.

వాళ్ళందరికీ తగ్గ నాయకుడు రోజర్ స్టెన్‌గార్డ్. మూడు తరాల ఫర్నిచర్ దుకాణం అతనిది. ఊళ్ళో ఎవరు పోయినా మర్నాడు పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో పళ్ళెం నిండా ఉప్పులో ఊరిన పందిమాంసం, అదే హామూ, బంగాళదుంపలూ పట్టుకుని నిలబడేవాడు. లైల్ పోయినప్పుడూ నిలబడ్డాడు. ఆ హామ్‌లో ఉప్పెక్కువని ఆర్డిస్ ఒక్కతే కనిపెట్టింది. మిగతావాళ్ళు అది తమ కన్నీళ్ళ ఉప్పనుకుని ఉంటారు. రెండేళ్ళకోసారి ఆమె దగ్గరికి ప్యాంట్లు తెచ్చి, డ్రైక్లీనింగులో నడుము దగ్గర కుంచించుకుపోయాయి అనేవాడు. ఈ మధ్య మంచి బట్ట రావడం లేదని ఆమె అనేది. అని, నడుము రెండంగుళాలు వదులు చేసేది.

హైవే పక్కన పెద్ద స్టోరు వచ్చాక మెయిన్ స్ట్రీట్‌లో దుకాణాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. వీధికి మళ్ళీ కళ తేవడానికని రోజర్ అధ్యక్షుడుగా ఒక కమిటీ ఏర్పడింది. కమిటీ నగరం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది. మొనదేలిన బూట్లు, పొట్ట లేదు, గడ్డం ఉంది. అతను తెర మీద బొమ్మలు చూపించాడు. ఆ బొమ్మల్లో మెయిన్ స్ట్రీట్ నిండా బెలూన్లు పట్టుకున్న పిల్లలు, కాఫీ తాగుతున్న పడుచు జంటలు. ఆ జంటల్లో ఒక్క మొహం కూడా ఊళ్ళోవాళ్ళు ఎరిగింది కాదు. నలభై నాలుగు దీపస్తంభాలు పెడతారట, పాతకాలపువిలా కనిపించే కొత్తవి. నిజంగా పాతకాలపు స్తంభాల్ని అరవై ఆరులో పీకించింది రోజర్ నాన్నే. స్తంభం స్తంభానికీ పూలబుట్ట. నేలకి ఇటుకల్లా అచ్చు వేసిన సిమెంటు. బ్యాంకు ముందు టోపీ పెట్టుకున్న ఎనిమిదడుగుల ఫైబర్ చేప.

దానికి డబ్బెక్కడిదంటే, ఎవరి జేబులోంచీ అడగనక్కర్లేకుండా ఒక దారి కనిపెట్టారు. పటం మీద వీధి చుట్టూ ఒక గీత గీస్తారు. గీత లోపల భవనం ఉన్న ప్రతివాడూ ఆస్తి పన్ను మీద ఇంకో పన్ను కట్టాలి, పద్నాలుగేళ్ళు. ఆర్డిస్ వంతుకి వచ్చింది ఏటా రెండున్నర నెలల కుట్టుకూలి. ఆమె వయసుకి వచ్చే పింఛను పాత పన్నుకీ చలికాలం గ్యాసుకీ చాలడమే గగనం. ఈ పన్ను పడితే భవనం అమ్మేసి, హైవే దగ్గర ముసలివాళ్ళ కోసం కట్టిన అపార్టుమెంట్లలో ఒక గది తీసుకోవాలి. అక్కడ గదుల్లో ఏ వ్యాపారమూ చెయ్యకూడదని కాగితం మీదే రాసి ఉంది, కుట్టుతో సహా.

ఆ గీత కూడా తమాషాగా ఉంది. వీధి పొడుగునా నిటారుగా వచ్చి, రోజర్ కొత్తగా కట్టించిన గోడౌన్ దగ్గరికి రాగానే ఒళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి, గోడౌన్ దాటాక మళ్ళీ నిటారు అయింది. అక్కడ సహజమైన సరిహద్దు ఉందన్నాడు నిపుణుడు. అక్కడున్న సహజమైనది తారు పగుల్లో మొలిచిన గడ్డి ఒక్కటే. ఆ మలుపు అందరికీ కనిపించింది. అడిగితే బాగుండదని ఎవరూ అడగలేదు.

పురపాలక సభలో బహిరంగ విచారణ పెట్టారు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని మేయర్ అడిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. రంగుల దుకాణం హార్లన్ టెస్కే గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆశగా తలలు తిప్పితే, ఏం లేదు, గొంతులో గరగర అన్నాడు. అప్పుడు ఆర్డిస్ లేచి, ఉన్న దీపాలు చీకటి పడగానే వెలుగుతున్నాయి, దీపానికి అంతకన్నా ఏం చేతకావాలి అని అడిగి కూచుంది. మేయర్ ఆమెకి కృతజ్ఞతలు చెప్పి తరవాతి అంశానికి వెళ్ళిపోయింది. సభ అయ్యాక కార్ల దగ్గర ఒక్కొక్కరే వచ్చి ఆమె మోచెయ్యి నొక్కారు. హార్లన్ కూడా వచ్చాడు.

"భలే అడిగావు, ఆర్డిస్. నా మనసులో మాటే."

"మరి నీ మనసులో మాట నువ్వే చెప్పొచ్చుగా? నోరు తెరిచావు కూడా."

"నువ్వు చెప్పేశావుగా," అన్నాడు హార్లన్, సాయం చేసినవాడిలా.

చట్టం ప్రకారం విచారణ తర్వాత అరవై రోజుల గడువు. గీత లోపల యాభై ఏడుగురు భవనాల యజమానులున్నారు. వాళ్ళలో ఇరవై తొమ్మిది మంది వద్దని సంతకం పెట్టిన కాగితం ఆ లోపల పురపాలక కార్యాలయంలో చేరితే పన్ను అక్కడికక్కడే రద్దు. చేరకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. నోరు మెదపనివాణ్ణి ఔనన్నవాడి కింద లెక్కవేసే ఈ చట్టం రాసినవాడెవడో ఆల్డెన్‌బర్గ్‌లోనే పుట్టి ఉంటాడని ఆర్డిస్ అనుకుంది.

ఆమె ఒక తెల్లకాగితం మీద ఒకటి నుంచి ఇరవై తొమ్మిది దాకా అంకెలు వేసి, ఒకటి పక్కన తన సంతకం పెట్టి బయల్దేరింది. అందరూ లోపలికి రమ్మన్నారు, కాఫీ ఇచ్చారు. ఆ దీపాల్నీ ఆ చేపనీ ఆమెకన్నా ఎక్కువ తిట్టారు. కాగితం ముందు పెట్టగానే, ఇంకా ఎవరెవరు పెట్టారు అని తొంగిచూశారు. రెండో అంకె ఖాళీగా ఉండటం చూసి, నీళ్ళు నమిలి, నలుగురూ పెట్టాక మళ్ళీ రమ్మన్నారు. ఆ నలుగురూ కూడా నలుగురూ పెట్టాకే రమ్మన్నారు. నలభై రోజులు తిరిగితే మూడు సంతకాలయ్యాయి. ఆమెది ఒకటి. ఎక్కడో ఎండ దేశంలో ఉంటూ అద్దె మాత్రం ఇక్కణ్ణుంచి తింటున్న పళ్ళ డాక్టరు పోస్టులో పంపింది ఒకటి. మూడోది బారు నడిపే వోండా ప్రిబిల్‌ది. ఆవిడకి సగం ఊరితో మాటల్లేవు కాబట్టి మొహమాటమూ లేదు.

నలభై ఒకటో రోజున ఒక డాన్సు గాగ్రా అంచు మడుస్తోంది ఆర్డిస్. ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళు జంటలుగా చేరి గుంపుగా ఆడతారు, ఆ ఆటకి వేసుకునే బారెడు చుట్టు పావడా అది. బల్ల మీద పరిచి చుట్టూ సూదులు గుచ్చుకుంటూ వెళ్ళి, ఒక్క చుట్టు పూర్తయ్యాక ఆగింది. ఎక్కడ మొదలుపెట్టిందో కనపడలేదు. మొదటి సూది ఏదో, ఆఖరిది ఏదో చెప్పడం ఆమె వల్లే కాలేదు. ఆ పావడా అలాగే వదిలేసి పైకి వెళ్ళి, యాపిల్ పై లాంటి తీపి రొట్టెలు కాల్చుకునే గుండ్రటి పళ్ళెం తెచ్చి, పెద్ద కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. తన పేరు గీత మీద ఒకచోట రాసి, ముందు వోండా దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏంటిది, పిజ్జానా?" అంది వోండా.

"సంతకాల కాగితం. ఇందులో మొదటివాడూ లేడు, చివరివాడూ లేడు."

వోండా కాగితాన్ని ఒకసారి చుట్టూ తిప్పి చూసి, ఈ ఊరివాళ్ళని నీకన్నా బాగా అసహ్యించుకున్నవాళ్ళు లేరే అని మెచ్చుకుంది.

అది మొదలు సంతకాలు వచ్చిపడ్డాయి. ప్రతివాడూ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, తన పేరు ఎక్కడ పెడితే తక్కువ కనిపిస్తుందా అని వెతికాడు. అన్నిచోట్లా ఒకేలా ఉండటంతో నిశ్చింతగా పెట్టాడు. రెండు వారాల్లో ఇరవై ఎనిమిది. వాళ్ళకి ధైర్యమేం రాలేదు, నక్కడానికి చోటు దొరికిందంతే. ఆర్డిస్‌కి గెలుస్తున్న సంతోషం కంటే వీళ్ళని ఇలా గెలిపించాల్సి వచ్చిందన్న ఏవగింపే ఎక్కువగా ఉండేది. గుండ్రటి కాగితం చెల్లుతుందా అని పురపాలక గుమాస్తా టెస్సా హాగెన్‌ని అడిగింది. టెస్సా ఊరి లాయర్ని అడిగింది. ఆయన మూడు రోజులు పుస్తకాలు తిరగేసి, పేరూ చిరునామా తేదీ ఉంటే చాలు, అరవయ్యో రోజు దాటని తేదీతో కార్యాలయం ముద్ర పడితే చాలు, గుండ్రంగా రాయకూడదని ఎక్కడా లేదు అని అయిష్టంగానే చెప్పాడు.

ఇరవై తొమ్మిదో సంతకం హార్లన్ టెస్కేది కావాలి. గొంతు సవరించుకున్న రోజు నుంచీ ఆలోచిస్తానంటూనే ఉన్నాడు. అరవయ్యో రోజు గురువారం, మధ్యాహ్నం నాలుగింటికి, జిప్పు వేయించుకున్న కోటు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆర్డిస్ కోటు ఇవ్వకుండా కాగితం ఇచ్చింది.

"ఒక్కటే ఖాళీ ఉంది," అన్నాడు చూసి. "అంటే నేను ఆఖరివాణ్ణా?"

"గుండ్రానికి ఆఖరేంటి, హార్లన్? పెట్టు, కోటిస్తాను."

హార్లన్ పెట్టాడు. పన్ను కట్టాల్సిన బాధ తప్పిందన్న ఆనందం ఎక్కడా కనపడకుండా తల వంచుకుని కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. కాగితం కవరులో పెట్టి, కవరు చేతిసంచిలో పెట్టి, ఆర్డిస్ కోటు తొడుక్కుంది. కార్యాలయం ఐదింటికి మూస్తారు. అక్కడికి నడక ఆరు నిమిషాలు.

తలుపు తీసేసరికి గుమ్మంలో రోజర్ స్టెన్‌గార్డ్. చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో యాపిల్ పై. ఈ గొడవలో మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పడానికి వచ్చాడట. కాగితంలో ఎన్ని సంతకాలున్నాయో అతనికి తెలుసో లేదో ఆర్డిస్‌కి ఈ రోజుకీ తెలీదు. అంత తెలివి ఉందని అనుకోవడం అతన్ని గౌరవించడమే అవుతుంది.

"ఎక్కడికో బయల్దేరినట్టున్నావు?" అన్నాడు.

దీనికి జవాబు ఒక్క ముక్క. అరవై రోజులుగా అలా మనసులో మాట ఒక్క ముక్కలో ఊరందరి చేతా చెప్పించాలని కాళ్ళరిగేలా తిరిగింది.

"అబ్బే, పెద్ద పనేం కాదు. రా, కూచో," అంది ఆర్డిస్.

నోరు దానంతటదే తెరుచుకుంది. కోటు విప్పకుండానే కాఫీ పెట్టింది. కోటు చూసి అర్థం చేసుకుంటాడనుకుంది. అతను చలిగా ఉందేమో అన్నాడు. గోడ గడియారం వైపు చూసింది. ఆ గడియారం చాలా పాతదనుకుంటాను అన్నాడు. నాలుగూ ముప్పై అయిదుకి రోజర్ రెండు చేతులతో తొడలు చరుచుకుని "సరే మరి" అన్నాడు. ఆ ఊళ్ళో ఆ మాట అంటే వెళ్ళడానికి సన్నాహం మొదలైందని మాత్రమే అర్థం. తలుపు లోపల నిలబడి వాళ్ళమ్మ తుంటి ఎముక గురించి చెప్పాడు. తలుపు బయట నిలబడి కూతురి కుక్క గురించి చెప్పాడు. కారెక్కి, తలుపు వేసుకుని, అద్దం దించి, ఈసారి చలి తొందరగా వచ్చేట్టుందన్నాడు. బ్యాంకు మీద దీపాల అంకెలు నాలుగూ యాభై ఎనిమిది చూపిస్తున్నాయి. ఆర్డిస్ కారు కిటికీ మీద చెయ్యి వేసి, ఔను, ఈసారి తొందరే అంటోంది. ఇక వెళ్ళు అనడానికి నోట్లో గుండుసూదులేమీ లేవు. అనలేదు.

ఐదూ మూడుకి కారు కదిలింది. ఆర్డిస్ పరుగెత్తింది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి మెయిన్ స్ట్రీట్‌లో పరుగెత్తడం చూసినవాళ్ళు, మర్యాదగా ఉండదని మొహం తిప్పుకున్నారు.

టెస్సా హాగెన్ కార్యాలయం గాజు తలుపుకి తాళం వేస్తోంది. ఆ పిల్ల స్కూలు డాన్సు గౌను కుట్టింది ఆర్డిసే. సంచిలోని కవరు సంగతి టెస్సాకి తెలియదు. రొప్పుతున్న ముసలిదాన్ని చూసి కంగారుపడి తాళంచెవి మళ్ళీ తాళంలో పెట్టింది.

"ఏమైంది, ఆర్డిస్ గారూ? ఏమన్నా అర్జెంటా? తీయమంటే తీస్తాను. ముద్ర కొట్టడానికి రెండు నిమిషాలు. డేకేర్‌లో పాప ఉంది, ఐదుంబావు దాటితే వాళ్ళు కొంచెం విసుక్కుంటారు, ఫోన్ చేసి చెప్తాలెండి."

ముద్ర మీద ఇంకా గురువారం తేదీయే ఉంది. ఇరవై తొమ్మిది పేర్లు చంకలో ఉన్నాయి. ఆర్డిస్ ఆ పిల్ల మొహం చూసింది, చేతిలో తాళంచెవి చూసింది, రోడ్డు వార ఇంజను ఆపకుండా వదిలేసిన కారు చూసింది.

"అయ్యో, వద్దమ్మా," అంది. "అంత పనేం కాదు. ఇటు పోతూ ఊరికే ఆగాను. నువ్వు వెళ్ళు, పాప ఎదురుచూస్తుంటుంది."

"నిజంగానా?"

"నిజంగా."

టెస్సా కారెక్కి, మలుపు తిరిగేముందు చెయ్యి ఊపింది. ఆర్డిస్ కూడా ఊపింది. ఏప్రిల్లో భవనం అమ్మేసింది.